కల్లివెల్లి సెషన్లు

బేస్తారం రాత్రి ఒంటిగంట దాటినంక
సోహార్ పోర్టు సర్వర్ గదిల
ఊడ్చే పని నాది.
చీపురు లేదు, చాట లేదు.
నల్ల తెర మీద పేర్ల పట్టీ,
పేరు పక్కన ఎన్ని దినాల సంది కదలిక లేదో లెక్క.
ఏడు దాటితే తుడిచెయ్యమని రూలు.

మనిషి లేచిపోతడు, సెషన్ లేవదు.
బీడీ తాగొస్తనని పోయినోడు,
షిఫ్టు బస్సు హారన్‌కు ఉరికినోడు,
ఖరూజ్ కాగితం చేతవట్టుకుని
ఒక్కటే పోకడ మస్కట్ బాట వట్టినోడు,
ఎవడు సక్కగ తలుపేసి పోయిండని?
లోపల వాని కిటికీలన్నీ తెరిచే ఉంటయి.
మెమరీ తింటుంటయి. సర్వర్ ఆయాసపడ్తది.
తెల్లారి మేనేజర్ నన్ను తిడ్తడు.

వీటికి నేను పెట్టుకున్న పేరు కల్లివెల్లి.
బయట, వీసా పోయి మనిషి మిగిలితే కల్లివెల్లి.
ఈడ మనిషి పోయిండు, వీసా మిగిలింది.

తెరిచి చూడొద్దని ఇంకో రూలున్నది.
చూస్త.

కుంజప్పన్, పంతొమ్మిది దినాలు.
సెలవు చీటీ సగం నింపిండు,
కారణం అన్న కాడ కర్సర్ కొట్టుకుంటున్నది.
తుడిచిన.
టేక్ బహదూర్, ముప్పై నాలుగు.
క్యాలిక్యులేటర్‌ల తొంభైని ఇరవై నాలుగుతో గుణించిండు,
జవాబు చూసి లేచిపోయినట్టున్నడు.
తుడిచిన.
సలీం అల్ బలూషీ సార్, పదకొండు. పేకాట.
రాజు మీద రాణిని పెడితే గెలిచేటోడు.
నేనే పెట్టి, తుడిచిన.

తర్వాత
గుండారపు గంగనర్సు, టాలీ క్లర్కు, గేట్ త్రీ.
రంజాన్ ముందల్నే ఫైనల్ ఎగ్జిట్.
సామాను నేనే తూకమేసిన. రెండు కిలోలు ఎక్కువైతే
ఇస్త్రీపెట్టె తీసి నాకిచ్చి పోయిండు.
ఆయన పేరు పక్కన లెక్క:
సున్నా.

సున్నా అంటే ఇప్పుడు, ఈ నిమిషం.
మెట్‌పల్లిల నిద్రవోతున్న మనిషి
సోహార్‌ల టైపు కొడుతున్నడు.

చూసిన. నోట్‌ప్యాడ్.
ఇంగ్లీషు అక్షరాల్ల తెలుగు.
ఒక్కో అక్షరానికి కీబోర్డంతా గాలించినంత సేపు.
సోమవారం. పని.
మంగళవారం. పని.
బుధవారం. పని. జీతం అడిగితిని, ఇయ్యలేదు.
పైకి జరుపుకుంట పోయిన, పని, పని, జరం, అయినా పని,
డెబ్బై మూడు దినాలు.

ఈ యాస నాకెరుకే.
రాత్రిపూట గేటు ఆఫీసులు తుడిచే రాయచోటి ఇమాంబీ.
ఆమెకు లాగిన్ లేదు. ఆమె బతాకా
సప్లై కంపెనోడి బీరువాల ఉన్నది.
గంగనర్సు పాస్‌వర్డు మాత్రం కీబోర్డు అడుగున
ప్లాస్టర్ మీద రాసున్నది, తుడిచేటోళ్లకే కనవడేటట్టు.

ఫైలు పేరు ముందల చిన్న చుక్క.
ఒక్కనాడన్న సేవ్ చెయ్యలే.
సేవ్ అంటే ఏందో ఎవలు జెప్పిండ్రు ఆమెకు?
నేను ఎంటర్ కొడితే
డెబ్బై మూడు దినాలు ఆమె పని చెయ్యనట్టే.

ఆమె తెర మీదికి ఒక పెట్టె పంపిన:
ఇమాంబీ, నేను కంప్యూటర్ రాజలింగం. భయపడకు.

కర్సర్ ఆగింది.
ఫ్యాన్లు తిరుగుతున్నయి.
గేట్ త్రీ ఈడికి కిలోమీటరున్నర,
ఆడ కుర్సీ వెనక్కి జరిగిన సప్పుడు
నాకెట్ల వినవడ్డదో.

చానాసేపటికి, నోట్‌ప్యాడ్‌లనే, ఒక్కొక్కటిగ:
రొండు నిమిషాలు సార్. ఈ పొద్దుది రాసేసి పోతా.

గురువారం. పని.

సేవ్ నేనే చేసిన.
ఏం పేరని అడిగింది పెట్టె. లెక్క, అని కొట్టిన.
మూడు జాగల్ల దాసిన, ఎక్కడెక్కడో ఈడ చెప్ప.

తెల్లారి రిపోర్టు:
దొరికిన సెషన్లు పద్నాలుగు.
తుడిచినవి పదమూడు.
మిగిలినదానికి కారణం రాయాలె.
కుంజప్పన్ కర్సర్ లెక్క కొద్దిసేపు కొట్టుకుని
రాసిన:
వాడుకలో ఉన్నది.