ఏడు కిలోమీటర్ల గాలి

పొద్దున్నే నేను మొదట చూసేది గడియారం కాదు,
వన్నూరమ్మ వాళ్ళ రేకుల కొట్టం.
రేకు మీద పెట్టిన మూడు రాళ్ళూ కదలకుంటే
మామూలు రోజు.
రేకు ఒక మూల లేచి, మళ్ళీ టప్పున పడితే
టిఫిన్ డబ్బా కట్టే తాడు
ఇంకో చుట్టు.
రాయి దొర్లి కింద పడిందంటే మాత్రం
గడపలో నిలబడి ఆలోచించాల.

రెండో గురుతు చీర.
దండెం మీద పక్కకు ఎగురుతుంటే పోవచ్చు.
దండేనికే చుట్టుకొని తాడైపోయిందంటే
అది చెప్పే మాట వేరే.

మా కోడి కూడా చెప్తుంది.
తోక విచ్చుకొని, ముందుకని బయల్దేరి, పక్కకు నడుస్తుంది.
దాన్ని చూసి నవ్వుతాను.
ఇంకో పావుగంటకు రోడ్డు మీద
నేనూ అంతే.

ఊరి నుంచి రాయదుర్గం ఏడు కిలోమీటర్లు,
ఇంచుమించు ఏడూ పడమరకే.
ఆషాఢంలో గాలి వచ్చేదీ ఆ పక్క నుంచే.
ఆటోకు పోను ఇరవై, రాను ఇరవై.
జీన్సు ప్యాంటుకు జేబు కుడితే రూపాయి.
ఆటో ఎక్కితే నలభై జేబులు,
ఎవరో ఏవేవో దాచుకోడానికి
నేను ఊరికే కుట్టినట్టు.

మోరీ దాటినాక చెట్టు లేదు, గోడ లేదు.
గాలి ఎదురొచ్చి హ్యాండిల్ పట్టుకొని
యాడికి పోతాండావని అడుగుతుంది.
ఇసుక పళ్ళ కింద కరకరమంటుంది.
వంక కాడ రోడ్డు తిరిగేచోట
పక్క నుంచి కొడుతుంది. దాని మీదికి ఒరిగి తొక్కుతాను.
లారీ దాటేటప్పుడు ఒక్క క్షణం గాలి ఆగుతుంది,
ఆనుకున్న గోడ ఎవరో తీసేసినట్టు.
భయం గాలికి కాదు,
ఆ క్షణానికి.

దిగి తోసుకుంటా పోయే రోజులే ఎక్కువ.
నన్ను మోస్తుందని కొన్న సైకిలును
ఆషాఢమంతా నేనే పనికి తీసుకపోతాను.

మాపటేల అదే గాలి
వీపుకు చెయ్యి ఆనిస్తుంది.
మిషను తొక్కి తిమ్మిరెక్కిన కాళ్ళు
పెడళ్ళ మీద ఊరికే పెట్టి
బుడ్డల చేన్ల పక్కన జారిపోతుంటాను.
పొద్దున తీసుకొని సాయంత్రానికి తిరిగిచ్చే మనిషిని
నేనింతవరకు చూడలేదు.
పోవాలా వద్దా అని గడపలో ఊగేటప్పుడు
నన్ను బయటికి నెట్టేది
ఇంకా రాని ఆ సాయంత్రమే.

కొండ మీద ఫ్యాన్లకు కాపలా ఉండే తిప్పేస్వామి
ఒకసారి మోరీ కాడ చెప్పినాడు:
"గాలి మరీ ఎక్కువైతే వాటిని ఆపేస్తారక్కా.
దానికొక నెంబరుంది. అది దాటితే బ్రేకు.
లేకుంటే రెక్క ఇరిగిపోతుంది గదా."
అంత పెద్ద రెక్క.
నా నెంబరు ఎంతో
ఎవర్ని అడగాల?
సూపర్‌వైజర్ ఎర్రిస్వామికి తెలిసింది ఒకటే, ఎనిమిదిన్నర.
పది నిమిషాలు దాటితే
మధ్యాహ్నం దాకా గేటు తెరవడు.

మొన్న బేస్తవారం రాయి దొర్లింది.
చీర తాడైంది.
కోడి గంప కింద నుంచి బయటికే రాలేదు.
అయినా పోయినాను.
మోరీ కాడికి వచ్చి తలెత్తితే
కొండ మీద తొమ్మిది ఫ్యాన్లు,
ఒక్కటీ తిరగడం లేదు.
అంత గాలిలో, ఊరికే నిలబడి.

సైకిల్ పండబెట్టినాను.
మోరీ కింద గాలి తగలని పక్క కూర్చొని
డబ్బా విప్పి
మధ్యాహ్నం సంగటి ఎనిమిదింటికే తిన్నాను.
ఊరిబిండి ఘాటుకు కళ్ళల్లో నీళ్ళొచ్చినాయి,
ఇసుక కూడా పోయింది.
పైన గాలి పోతూనే ఉంది,
లారీల మాదిరి, ఒకదాని వెనక ఒకటి.

మరుసటి రోజు గేటు కాడ ఎర్రిస్వామి:
"రాలేనంత గాలా?"
"ఫ్యాన్లే ఆపేసినారు సార్," అన్నాను.
ఆయన కొండ వైపు చూసినాడు.
అప్పటికి అవి
తిరుగుతాండాయి.