నాలుగో నంబరు డ్రయ్యర్

ట్విలింగేట్‌లో పొగమంచుకి తలుపు తట్టే అలవాటు లేదు.
తెల్లారి ఐదింటికే లోపలికొచ్చి
డోర్కస్ పెల్లీ టీ కప్పు పక్కన కూర్చుంటుంది.

పదకొండో అధ్యాయంలో
పదహారేళ్ళ పిల్లాడొకడు పోయి మూడు వారాలైంది.
ఇంకా స్కూలు బస్సు కోసం నిలబడే ఉన్నాడు.
ఎక్కించుకోవాలో వద్దో
డ్రైవరుకీ తెలీదు, రాసే ఆమెకీ తెలీదు.

ఎనిమిదింటికి లాండ్రీ తాళం తీయాలి.
చేపల ఫ్యాక్టరీ వాళ్ళ చొక్కాలు
ఎంత ఉతికినా కాడ్ చేప వాసన వదలవు.
దయ్యం పట్టడమంటే ఇదే కదా అని
రసీదు వెనక రాసుకుంటుంది.
నాలుగో నంబరు డ్రయ్యర్
వేసిన నాణెం అయిపోయాక కూడా తిరుగుతుంది.
మెకానిక్కు రెండుసార్లొచ్చి చూశాడు.
మూడోసారి ఆమే పిలవలేదు.

"అమ్మా, దయ్యాలకి మొటిమలుంటాయా?"
అద్దం ముందు నుంచి టెస్సా.
ఉంటాయి.
ఆ మాట అప్పుడే ఏడో పేజీలోకి వెళ్ళిపోయింది.

ఇవన్నీ నీకెక్కడ దొరుకుతాయి, అంటారు ఊళ్ళోవాళ్ళు.
మీరు మర్చిపోయిన బట్టల బుట్టలో, అంటుంది.
నవ్వి వెళ్ళిపోతారు.
బుట్టలో నిజంగానే పందొమ్మిది ఒంటి మేజోళ్ళు,
అడుగున ఒక ఎర్ర ఊలు చేతితొడుగు,
లోపలివైపు దారంతో కుట్టిన పేరు: ఆంబ్రోస్.
దాన్నెవరూ మర్చిపోలేదు. ఆమే తెచ్చి పెట్టింది.

ఏప్రిల్‌లో రేవంతా మంచు పలకలు.
పలక మీంచి పలక మీదకి గెంతే ఆట.
అతను ఒక్క పలక ఎక్కువ గెంతాడు.

రాత్రి, టెస్సా పడుకున్నాక,
బస్సు తలుపు తెరిపిస్తుంది.
పిల్లాడు ఎక్కడు.
చెయ్యి చాపి చూపిస్తాడు,
తొడుగు లేనిది.