అడుగున ఐసుముక్క

బోరబండ బడిలో ల్యాబంటే
రెండు బల్లలు, తాళం పోయిన బీరువా,
ఒత్తి సరిగ్గా నిలవని ఒక స్పిరిట్ దీపం.
బీకరు మాత్రం కొత్తది. నా జీతంలోంచి కొన్నది.

ముందు పర్మాంగనేటు పలుకు.
గొట్టంలోంచి జారవిడిచి అడుగున కూర్చోబెట్టి
దీపం దాని కిందికి జరిపాను.
నలభై మూడు తలలు, ఒకే ఊపిరి.
ఊదారంగు దారం ఒకటి లేచింది,
పైదాకా పోయింది, పక్కకు ఒరిగింది,
చల్లబడి, అలిగినట్టు గోడ వెంట దిగొచ్చింది.
"చాయ్ డేగ్‌ల పాలు గిట్లనే తిరుగుతయి సార్"
అన్నాడు ఇలియాస్. వాళ్ల మామది మోతీనగర్‌లో హోటలు.
సంవహనం అని బోర్డు మీద రాశాను,
వాడి మాటే బాగుందని తెలిసీ.

రెండోదానికి ఐసు కావాలి.
గేటు బయట చెరుకురసం బండి మీద
రెండు రూపాయల ముక్క, పేపర్లో చుట్టి
పరుగున తెచ్చేసరికి సగమే మిగిలింది.
పరీక్షనాళికలో అడుక్కి తోసి,
తేలకుండా మీద అంట్లపీచు తీగ కుక్కి,
నీళ్లు పోసి, ఈసారి మంట పైఅంచున పెట్టాను.

"అడుగు ఎవరు పట్టుకుంటారు?"
ఎవరూ కదల్లేదు.
గంగామణి లేచింది.
జూన్‌లో వచ్చి చేరిన పిల్ల,
హాజరు పిలిచినా చెయ్యే ఎత్తుతుంది, నోరు విప్పదు.
రెండు వేళ్లతో పట్టుకుంది.

పైన నీళ్లు కుతకుతలాడాయి.
కింద ఐసు అట్లాగే ఉంది.
"కాలుతోందా?"
"లే సార్, సల్లగుంది."
కాసేపాగి, తనంతట తానే,
"మేముండే సెల్లారు గిట్లనే ఉంటది.
మీద ఐదో అంతస్తోళ్లు
ఎండకు ఆగలేక ఏసీ మీద ఏసీ పెట్టిస్తరు.
మా నాయిన గేటుకాడికెళ్లి వచ్చి
ఒట్టి గచ్చు మీద పండుకుంటడు.
చద్దరు గూడ అడుగుతడు సార్, మే నెలల."
క్లాసు నవ్వింది. తనూ నవ్వింది.
నేను బోర్డు వైపు తిరిగి
నీరు అధమ వాహకం అని రాస్తుంటే
అధమ దగ్గర చాక్‌పీసు విరిగింది.

యూనిట్ టెస్టులో పటం గీయమన్నాను.
అందరూ నాళిక, మంట, ఐసు గీశారు.
ఆమె బొమ్మలో అడుగున రెండు వేళ్లున్నాయి,
గోళ్లతో సహా.
పుస్తకంలో లేవవి.
భాగాలు గుర్తించమన్న చోట బాణం గీసి
'నేను' అని రాసింది.
ఐదుకు నాలుగున్నర వేశాను.
ఆ అర ఎందుకు కోశానో అడుగుతుందేమోనని
పేపర్లు పంచిన రోజు ఆమెవైపే చూశాను.
"సార్, గదే మంట కిందికెళ్లి పెడ్తే
కరగనీకి ఎంతసేపు పడ్తది?"

రేపు చూద్దామన్నాను.
ఐసుకు రెండు రూపాయలు తనే తెచ్చింది.