రెండో రోజు మధ్యాహ్నం

మామండూరు దారిలో మునెమ్మ
గొంతు తగ్గించింది:
"గమ్మునుండండి సామీ,
దేవాంగపిల్లి నిద్రపోతా ఉండాది."
ఆరుగురం, నాలుగు కెమెరాలు.
మాకు ఆకులే కనిపించాయి.

వాగు దాటాక నరికిన మొద్దు,
లోపలంతా ఎరుపు.
"ఇదేంది?" అన్నాడు బెంగళూరు పిల్లోడు.
"చెట్టు," అని పక్కనించి నడిచింది.
ఆ తర్వాత చాలాసేపు
ఏ పిట్ట పేరూ చెప్పలేదు.

మధ్యాహ్నం తిరుపతిలో బొమ్మల అంగడి.
ఎర్రచందనం జంట, రాజూ రాణీ.
బేరం పదిహేను వందల దగ్గర మొరాయించింది.
మునెమ్మ రాణిని తలకిందులు చేసి
అడుగున వలయాలు లెక్కబెట్టింది.

పదకొండు దాకా వచ్చి,
"మా ఆయన కడప జైల్లో ఉండాడు," అన్నది,
ధర చెప్పినంత మామూలుగా.

బొమ్మను మళ్ళీ నిలబెట్టి
కొంగుతో మొహం తుడిచింది.
బొమ్మ మొహమే.