సాలు తప్పని చెయ్యి

మనామా పాత బజార్ల, బంగారం గల్లీ ఎనుక,
ఏసీల నీళ్ళు నెత్తి మీద చుక్కచుక్క కారే సందుల
మన్సూర్ సేటు దుకాణం.
ఎనభై ఒకటిల నేను దిగిన వారానికే
జపాను పెట్టె ఒకటి విప్పినం.
బ్రీఫ్‌కేసంత పలచన. మూత తెరిస్తే
రికార్డు తిరిగే పళ్ళెం ఉంది, చెయ్యి లేదు.
"చెయ్యి పెట్టుడు మరిచిండ్రు" అన్న.
వర్కీ నవ్వి, మూత ఏసి, మీట నొక్కిండు.

చెయ్యి మూతలనే ఉంది.
మూతకున్న చిన్న కిటికీలకెల్లి చూసిన.
అంచు నుంచి నడిమికి
ఎవరూ నెట్టకుండ
అది నడిచింది. తిరుగలే, నడిచింది.

మిగతా మిషన్ల చెయ్యి గుంజకు కట్టిన ఎద్దు.
ఎంత మేసినా తాడు గీసిన వంపులనే మేస్తది.
"పాటను చెక్కిన సూది తిన్నగ పోయింది,
చెక్కినట్టే చదవాలె గదా" అని వర్కీ,
సోల్డరు పొగకు కండ్లు చిట్లించుకుంట.
నాకు ఇంకో లెక్కన సమజైంది.
మా మెట్‌పల్లి దిక్కు పసుపు చేండ్లల్ల
మొదటి సాలు తోలెటోని చూపు
అవతలి గట్టు మీది తుమ్మ మీద ఉంటది,
కాళ్ళ మీద ఉండది.

ఇగ ఆ నాలుగేండ్లు!
గురువారం రాత్రి దుకాణంల నిలబడ జాగ లేకపోతుండె.
రిఫైనరీ ఇంజినీర్లు, ఓడ కెప్టెన్లు,
ముత్యాల వ్యాపారుల మనుమలు.
సేటు మిషన్‌ను గోడకు నిలువుగ ఆనిచ్చి వాయించి చూపెడుతుండె.
మూడో నంబరు మీట నొక్కితే
మెరిసే సందులు లెక్కపెట్టుకుంట పోయి
మూడో పాట మీదనే దిగుతుండె సూది.
ఒకాయన రెండు కొన్నడు,
రెండోది ఎందుకో ఆయనకే తెల్వదు.

ఒక్క ముచ్చట మాత్రం గిరాకీలకు చెప్పనియ్యకపోతుండె సేటు.
ఆ చెయ్యి తిన్నగ పోదు.
వెంట్రుకంత వంగుతది.
లోపల మినుకుమినుకు బల్బు ఆ వంకర చూస్తది,
మోటారు కొంచెం గుంజుతది, సర్దుకుంటది,
మల్లా వంగుతది.
పాట పొడుగూత తప్పుకుంట, దిద్దుకుంట.
వినెటోనికి గీత తిన్నగనే ఉంటది.

తర్వాత అద్దం బిళ్ళలొచ్చినయి.
సూది లేదు, దుమ్ము బాధ లేదు.
సేటు తెచ్చిన మొదటిదాన్ని రాత్రికి రాత్రి విప్పిన.
లోపల అదే పట్టా, అదే అంచూ నడిమీ నడక,
దిక్కు మాత్రం ఉల్టా.
చెయ్యిని సంపి నడకను దాసుకుంది.
కోపమొచ్చింది నాకు, ఎవరి మీదనో తెల్వదు.

ఉప్పుగాలికి బెల్టులు కరిగి తారైనయి.
గ్రీజు గట్టిపడి బెల్లపు పాకమైంది.
నూట ఇరవై దినార్ల మిషన్లు
పాత సామాను బండ్ల మీద పది దినార్లకు, ఐదుకు,
కడకు ఫ్రిజ్‌తోని ఉత్తగ.
వర్కీ కొట్టాయం పోయిండు. సేటు మట్టిల కలిసిండు.
ఆయన కొడుకు ఫోన్ల గ్లాసులు అతికిస్తున్నడు,
నాకో మూల బల్ల ఉంచిండు.

పోయిన నెల ముహర్రక్ నుంచి బద్రియా అని ఒకామె
దుప్పట్ల చుట్టుకొని ఒకటి తెచ్చింది.
అడుగున అతికించిన బిల్లు మీద రాత నాదే.
"మా బాబా కొన్నడు. ఇరవై ఏండ్ల సంది పలుకుతలేదు."
బెల్టు ఏడ దొరకాలె?
నీళ్ళ మోటారు రబ్బరు రింగును
బ్లేడుతోని గీరి, గీరి, దారమంత చేసిన.

పలికింది.
ఊదు ఎనుక ఎవరో దగ్గిన చప్పుడు సుత.
ఆమె ఏమీ అనలే, చున్నీ కొస వేలికి చుట్టుకుంటుంది.
పాట ఒడిశినంక చెయ్యి లేచి
వచ్చిన తొవ్వనే అంచుకు మర్లింది.
సగం దాటినంక
కొత్త బెల్టు జారి, ఆగింది.
మూత తీసి వేలితో నెట్టబోయిన.
"ఆగు" అన్నది. "దానికది పోతదేమో."

ఇద్దరం కిటికీ మీదికి వంగినం.
బల్బు ఇంకా మినుకుమంటుంది.