ఘాటు

మస్తాన్‌బీ నల్లబల్ల మీద రెండక్షరాలు రాసింది.
జి. పక్కనే హెచ్.
"ఈ రెండూ కలిస్తే మన ఘ అనుకుంటారు కదా,
కాదు" అంది.

ఆనందపేటలో గోతాల కొట్టు పైన గది.
ఏడున్నరకి చదువు, తొమ్మిదింటికి తాళం.
తొడిమలు తీసే ఆడాళ్ళు నలుగురు,
ఆటో సుభానీ, గోతాలు కుట్టే యోహాను,
ముప్పయ్యేళ్ళుగా యార్డులో టిక్కీలు మోస్తున్న నేను.

నైట్ అంటే రాత్రి. లైట్ అంటే దీపం.
హై అంటే ఎత్తు. ఎయిట్ అంటే ఎనిమిది.
అన్నింట్లోనూ ఆ రెండూ ఉన్నాయి,
ఒక్కదాంట్లోనూ నోరు విప్పవు.
"మరి వాటికి కూలెందుకమ్మా?" అన్నాడు యోహాను.
ఒకప్పుడు గొంతులోంచి పలికేవంట.
జనం నోళ్ళు మారాయి, రాత మారలేదంట.

రఫ్ అంటే గరుకు. టఫ్ అంటే గట్టిది.
లాఫ్ అంటే నవ్వు, కాఫ్ అంటే దగ్గు.
ఇక్కడేమో ఫ అని ఊదుతాయి
తడి కట్టెల ముందు ఊదుగొట్టంలా.
గోస్ట్ అంటే దయ్యం. అక్కడ మాత్రం హెచ్ దాక్కుంటుంది,
జి ఒక్కతే గ అంటుంది.
"దయ్యమంటే దానిక్కూడా భయమే" అంది
వెనక వరసలోంచి దీనమ్మ.

మన ఘ అట్లాంటిది కాదు.
ఘాటు అని చూడు,
రొమ్ములో గాలి కదలకుండా ఆ మాట బయటికి రాదు.
తేజ కాయ గోతం మూతి విప్పగానే
ముక్కుకెక్కేది, కంట్లో దిగేది,
రెండుసార్లు సబ్బు రుద్దినా అరచేతిలో మిగిలి
మనవడి చెంప ముట్టుకోనివ్వనిది
ఎక్కడన్నా ఊరుకుంటుందా?

ఆ వారం కాటా దగ్గర చీటీ చదివాను.
చదవడం అదే మొదటిసారి.
గ్రాస్ అంటే గోతంతో కలిపి.
టేర్ అంటే గోతానికని కోసేది.
నెట్ అంటే రైతుకి మిగిలేది.
మూడింటి పక్కనా వెయిట్. వెయిట్ అంటే బరువు.
దాని సంగతి నాకు ఒకరు చెప్పాలా,
టిక్కీ మెడ మీద పడ్డప్పుడల్లా
వెన్నుపూసలు పలికే మాట అది.
కాని చీటీలో ఐ తర్వాత హెచ్ ఉంది,
దాని వెనక జి.
వేలు పెట్టి చూశాను. కూడబలుక్కుని చూశాను.
కాళ్ళ కింద పడున్న నిన్నటి చీటీలు ఏరి చూశాను.
అన్నీ అంతే.

గుమాస్తా సుందరశివరావుకి చూపించాను.
కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి నవ్వాడు.
"మిషను వచ్చిన కాడ్నుంచీ ఇట్లాగే కొడుతోంది,
ఇన్నేళ్ళకి నువ్వడిగావు.
తూకంలో తేడా లేదుగా?
పలకని అక్షరాలు అటుంటేనేం, ఇటుంటేనేం.
పో ఏసుపాదం, లారీ ఆగింది."

లారీ ఆగిన మాట నిజమే.
నలుగురం కలిసి నూట ఇరవై ఎక్కించాం.
ఎక్కినంతసేపూ, దిగినంతసేపూ ఆ మాటే నములుతూ ఉన్నాను.
అతను చెప్పింది తప్పని రుజువు చెయ్యలేను.
తప్పని మాత్రం తెలుసు.

రాత్రి గదిలో చెబితే మస్తాన్‌బీ
సుద్దముక్క కింద పెట్టేసి నవ్వింది.
కళ్ళు తుడుచుకుంటూ,
"నవ్వి కాదు, మీ బట్టల ఘాటుకి" అంది.
మాకూ దగ్గొచ్చింది. కిటికీ తీశాం.

చివరి మాట ఇనఫ్. అంటే చాలు.
అందులోనూ ఆ రెండున్నాయి, కొసన.
పలుకుతాయి.
పదిసార్లు రాయమంది, రాశాం.
"కూలి రేటు మాట్లాడేటప్పుడు ఇదెట్లా వాడాలమ్మా?"
అడిగింది దీనమ్మ.
"ముందు నాట్ పెట్టు" అంది మస్తాన్‌బీ.
మళ్ళీ పదిసార్లు రాశాం,
ఈసారి ఎవరూ రాయమనకుండానే.

ఆ చీటీ నా జేబులోనే ఉంది.
జి ముందుకి, హెచ్ వెనక్కి
పెన్సిలుతో బాణాలు గీశాను.
ఎండకీ చెమటకీ మిషను కొట్టిన అక్షరాలు
వారం తిరక్కుండానే వెలిసిపోయాయి.
బాణాలున్నాయి.