ఎవరి మూర

మొదటి ఫిర్యాదు నాదే.
రాంనగర్ చేపల మార్కెట్ వెనక గల్లీలో
రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలి.
అక్కడ ఇసుక దింపారు, కంకర దింపారు,
రేకుల మీద ‘సమాజ మందిరం’ అని రాశారు.
ఫంక్షన్ హాలే అనుకున్నాం అందరం.
బరాత్‌లు, డీజేలు, మా గేటుకి అడ్డంగా ఎవరివో కార్లు.
నలభై సంతకాలు ఇల్లిల్లూ తిరిగి నేనే పెట్టించాను.

శనివారం పని బందు.
మేస్త్రీ నర్సప్ప ఇసుక మీద
కుక్కల పక్కన కూచుని బీడీ కాల్చేవాడు.
“ఇదేం దేవుడమ్మా, శనివారం చెయ్యి కదపనియ్యడు,
ఐతారం స్లాబు ఎయ్యమంటడు.”

వేశారు. ఆదివారం పొద్దున్నే,
ఒకవైపు కొర్రమీను బేరాలు, ఒకవైపు మిల్లరు మోత,
లుంగీలు ఎగ్గట్టి గల్లీ అంతా రోడ్డు మీద.

అప్పుడొచ్చారు ఎజ్రా గారు,
కరెంటాఫీసులో రిటైరైన లైన్‌మన్,
నడినెత్తిన అరచేయంత టోపీ, చేతిలో టీ ఫ్లాస్కు.
“పెళ్ళిళ్ళు కాదండీ, ప్రార్థన.
పదిమంది మగాళ్ళు పోగవటమే గగనం మాకు.
కార్లంటారా, శనివారం బండెక్కం. నడిచొస్తాం.”
ఎవరూ నవ్వలేదు. ఎవరిళ్ళలోకి వాళ్ళు పోయారు.
పునాది తవ్వినప్పుడు మా వంటింటి గోడకి పడ్డ నెర్రె
అలాగే ఉంది.

గోడలు నునుపు చేసే చివరి రోజు మళ్ళీ గొడవ.
“గుమ్మానికెదురుగా ఒక మూర వదిలెయ్యి నర్సప్పా,
సిమెంటొద్దు, సున్నమొద్దు.”
“ఎందుకు?”
“మా గుడి కూలిందయ్యా.”
“ఎప్పుడు?”
“రెండు వేల ఏళ్ళు కావస్తోంది.”
నర్సప్ప తాపీ కింద పెట్టాడు.
“చూసినోళ్ళు మేస్త్రీ పైసలు తిని పోయిండంటరు సారూ.”

చాలాసేపు చప్పుడు లేదు.
కిటికీ దగ్గర పాలగిన్నెతో నేను.

“సరే. ఎవరి మూర?”
ఎజ్రా గారి చెయ్యి పొట్టి. నర్సప్పది బారు.
మార్కెట్ మూల మల్లెలమ్మే యాదమ్మ మూర సంగతి
గల్లీలో అందరికీ తెలుసు.
ఇద్దరూ మోచేతులు గోడకానించి నిలబడ్డారు,
ముసలి వేళ్ళని దాటి సిమెంటు వేళ్ళు.
పెద్దదే ఖాయమైంది.
ఇటుకలు ఎర్రగా అట్లాగే మిగిలాయి.

మర్నాడు మా నెర్రె పూడ్చటానికొచ్చాడు.
బొచ్చెలో మాలు కలిపి, తాపీ ఎత్తి, ఆగాడు.
“ఇది మొత్తం నింపాల్నా అమ్మా?
నువ్వు గూడ ఏమన్న యాదికి ఉంచుకుంటవా?”

పాలు పొంగుతున్నాయని
పొయ్యి వైపు తిరిగాను.